బండి పంచర్ సామాను ఇంట్లోనే: ఏది చేసుకోవాలి, ఏది కొనుక్కోవాలి

పొలం బాట మీద సర్కారు తుమ్మ ముల్లు, హైవే మీద పేలిన లారీ టైరు నుంచి రాలిపడ్డ సన్నని ఉక్కు తీగ, ఇల్లు కడుతున్న చోట సెంట్రింగ్ మేకు. మన వైపు బండి పంచర్ కావడానికి ఈ మూడే చాలు. హన్మకొండలోనో కాజీపేటలోనో అయితే కాస్త దూరం తోసుకుంటూ పోతే ఏదో ఒక పంచర్ షాపు తగులుతుంది, కానీ ములుగు దాటి పస్రా, తాడ్వాయి మీదుగా ఏటూరునాగారం పోయే అడవి రోడ్డులో పొద్దుగూకినాక గాలి దిగితే మాత్రం పని మనమే చేసుకోవాలి. రెండేళ్లకోసారి మేడారం జాతర జరిగే రోజుల్లో ఆ రోడ్డు పొడవునా మనుషులే, మిగతా కాలం అడుగుదామన్నా ఎవరూ కనిపించరు.

సామాను అంతా కొనుక్కుంటే పోలేదా అంటే, కొనుక్కోవచ్చు, వద్దనను. కాకపోతే చవగ్గా దొరికే టైర్ లివర్లు (టైరు అంచును రిమ్ము మీంచి లేపే ఇనుప పట్టీలు) చాలావరకు మెత్తని ఇనుము, గట్టి టైరు దగ్గర ఒకసారి వంగితే ఇక దేనికీ పనికిరావు. ఆటోనగర్ వైపు పాత ఇనుప సామాన్ల కొట్టులో కిలోల లెక్కన దొరికే పాత పానాలు, బండి కింద స్ప్రింగుగా వాడే కమాన్‌పట్టీ ముక్కలు వాటికంటే ఎంతో మంచి ఉక్కు. పైగా మన బండికి ఎంత పొడవు కావాలో అంతే కోసుకుంటాం.

నా లెక్క ఒకటే: బలం పెట్టే పనిముట్టు ఇంట్లో చేసుకోవచ్చు, గాలిని ఆపేది మాత్రం కొనాలి. లివర్లు, టైరు అంచు వదిలించే కట్టె, ప్యాచ్ నొక్కే రోలరు, ట్యూబ్‌లెస్ టైరు బొక్కలోకి తాడు దూర్చే ప్లగ్ సూది, ఒక బండి నుంచి ఇంకో బండికి గాలి మార్చే పైపు ఇవన్నీ చేసుకునేవి. ప్యాచ్‌లు, వాటిని అంటించే సొల్యూషన్, వాల్వు పిన్ను, ప్లగ్ తాళ్లు, గాలి మీటరు కొనేవి. ఈ రెండింటినీ కలిపేసి ప్యాచ్ కూడా ఏదో ఒక రబ్బరు ముక్కతో, ఏదో ఒక గమ్ముతో కానిచ్చేద్దాం అనుకుంటే ఐదు కిలోమీటర్లకే మళ్లీ చక్రం విప్పాలి.

లివర్లు, అసలు పని ఇక్కడే

మామూలు వంద సీసీ బండి, అంటే 18 అంగుళాల రిమ్ముకు 2.75 సైజు ట్యూబ్ టైరు ఉన్నదానికి 25 నుంచి 28 సెంటీమీటర్ల పొడవు లివర్లు చాలు. బుల్లెట్ లాంటి లావు టైరు బండికి 30 దాటినా తప్పులేదు. అంతకంటే పొడవు పెడితే చేతికి సుఖంగా ఉంటుంది గానీ ఎంత బలం పడుతోందో మనకు తెలియదు, టైరు అంచులో ఉండే ఉక్కు తీగ తెగే ప్రమాదం ఉంది. ఆ తీగ తెగిన టైరును ఎవరూ బాగుచేయలేరు, పారేయడమే.

అన్నిటికంటే తేలికైన దారి పాత రింగ్ పానా. పళ్లు అరిగిపోయినదైనా ఫరవాలేదు, కానీ ఒక కొస మీ బండి యాక్సిల్ నట్టుకు సరిపోయేది దొరికితే వదలకండి. ఆ కొసను అలాగే ఉంచి రెండో కొసను మాత్రమే లివర్‌గా మార్చుకుంటే చక్రం విప్పే పానా, టైరు తీసే లివర్ రెండూ ఒకే ముక్కలో వస్తాయి. రింగ్ పానాకు మెడ దగ్గర సహజంగానే ఒక వంపు ఉంటుంది, లివర్‌కు కావలసిన వంపు కూడా దాదాపు అదే, కాబట్టి కాల్చి వంచే పని తప్పుతుంది.

రింగును గ్రైండరుతో కోసేయండి. మిగిలిన కాడను చివరి 6, 7 సెంటీమీటర్ల మేర పలుచగా అరగదీస్తూ రండి. కొసకు వచ్చేసరికి మందం 3 మిల్లీమీటర్ల దగ్గర ఆగాలి. వెడల్పు 15 మిల్లీమీటర్లు ఉంటే బాగుంటుంది, పానా కాడ అంత వెడల్పు లేకపోతే ఉన్నంతలోనే కానివ్వండి. కొసలో లోపలి వైపు ఒకటి రెండు మిల్లీమీటర్ల చిన్న గాడి పెడితే టైరు అంచు అందులో కూర్చుంటుంది, లాగేటప్పుడు జారదు. ఆ గాడి లోతుగా ఉంటే మాత్రం లివర్ బయటికి తీసేటప్పుడు ట్యూబును పట్టుకుని చీరుస్తుంది.

ఇక్కడ తొందరపడే వాళ్లే ఎక్కువ. గ్రైండరు వదలకుండా ఒకే చోట ఆనిస్తే ఉక్కు వేడెక్కి ముందు పసుపు రంగు, తర్వాత గోధుమ, ఆ తర్వాత నీలం రంగు తేలుతుంది. నీలం కనిపించగానే ఆపి చల్లారనివ్వండి. ఎర్రగా కాలిందంటే మాత్రం ఆ కొస పదును, అంటే ఉక్కుకు పెట్టిన గట్టితనం, పోయి మెత్తబడినట్టే, టైరు దగ్గర వంగిపోతుంది. ఎర్రగా ఉన్నప్పుడే బకెట్లో ముంచితే ఇంకా చెడ్డది, పెళుసుబారి లాగేటప్పుడు విరుగుతుంది, విరిగిన ముక్క ముఖం మీదికే వస్తుంది. కాబట్టి కొంచెం అరగదీయడం, నీళ్లలో ముంచడం, మళ్లీ కొంచెం అరగదీయడం, చేత్తో పట్టుకోగలిగేంత వేడి దాటకుండా. కళ్లద్దాలు లేకుండా, గ్రైండరు గార్డు ఊడదీసి ఈ పని చేయవద్దు. లుంగీ కట్టుకుని కూడా చేయవద్దు, ఇది సరదాకు చెప్పడం లేదు.

కమాన్‌పట్టీతో చేయాలంటే లారీది, ట్రాక్టరు ట్రాలీది మరీ మందం, దాన్ని పలుచన చేయడానికే రోజు పడుతుంది. చిన్న ట్రాలీ ఆటోల్లో వాడే సన్న పట్టీ ముక్క దొరికితే తీసుకోండి. 20 మిల్లీమీటర్ల వెడల్పు ముక్కలుగా నిలువుగా కోసి, పానాకు చెప్పినట్టే కొస చేయాలి. వంపు కావాలంటే కమ్మరి దగ్గరికి పోవాల్సిందే. వంచిన తర్వాత మళ్లీ పదును పెట్టి, దాన్ని కొంచెం దించి ఇమ్మని అడగండి. ఆయనకు గొడ్డలి, పార చేయడం అలవాటు కాబట్టి మీరు చెప్పకపోతే పార అంత గట్టిగా పదును పెట్టి ఇస్తాడు. లివర్‌కు అంత గట్టితనం అక్కర్లేదు, కొద్దిగా వంగి మళ్లీ నిటారుగా లేచే గుణం కావాలి.

స్లాబుకు వాడే సలాక ముక్కను చదును చేసి వాడేవాళ్లను కూడా చూస్తుంటాం. పనికిరాదని కాదు, కానీ దాని మీద ఉండే గీతలు రిమ్ము మీద గీరుతాయి, కాల్చి చదును చేస్తే పైపొరలో ఉన్న గట్టితనం పోతుంది. స్క్రూడ్రైవరు సంగతి మాత్రం అసలు ఎత్తవద్దు. ముల్లు పెట్టిన బొక్క ఒకటైతే స్క్రూడ్రైవరు పెట్టే బొక్కలు రెండు, అవి కూడా ట్యూబుకు లోపలి వైపు.

లివర్ తయారయ్యాక ఎమరీ పేపరుతో, ముందు గరుకుది తర్వాత నున్నది, కొసను అంచులను అన్నిటినీ గుండ్రంగా రుద్దాలి. అయిందా లేదా అని చూడటానికి పాత నైలాన్ చీర ముక్కను లివర్ కొస మీదుగా అన్ని వైపులా లాగండి. ఎక్కడైనా పోగు తగులుకుందంటే అక్కడ ఇంకా అంచు మిగిలి ఉంది. ఒక్క పోగు కూడా తగలని లివర్ ట్యూబును ఏమీ చేయదు. నా మాట నమ్మండి, ఈ రుద్దుడు పని విసుగు పుట్టించేదే, కానీ ఇంట్లో చేసిన లివర్లతో ట్యూబ్ పాడైందని చెప్పేవాళ్లలో సగం మందిది ఇదే సమస్య.

ఇలాంటివి మూడు చేసుకోండి. రెండింటితో లాగుతాం, ఒకటి పట్టి ఉంచడానికి. ఆ పట్టి ఉంచేదాని వెనక కొసలో చిన్న బొక్క పెట్టించి సుతిలి కడితే దాన్ని చక్రం పుల్లకు (స్పోకుకు) బిగించేయవచ్చు, మోకాలుతో అదిమిపెట్టే బాధ తప్పుతుంది.

అల్లాయ్ వీలు ఉన్నవాళ్లకు రిమ్ము గీతలు పడతాయని భయం. షాపులో ప్లాస్టిక్ గార్డులు అమ్ముతారు, అవసరం లేదు. పత్తి చేనుకో మిర్చి తోటకో వేసి తీసేసిన 16 మిల్లీమీటర్ల డ్రిప్ పైపు ముక్క తెచ్చి, జానెడు పొడవున కోసి, నిలువుగా ఒక చీలిక పెడితే రిమ్ము అంచుకు టక్కున పట్టుకుంటుంది. దాని మీద లివర్ ఆనించండి. ఎండకు ఎండి పెళుసైన పైపు వద్దు, వేలితో వంచితే వంగేది చూసుకోండి.

టైరు అంచు వదిలించే కట్టె

ట్యూబ్ టైరు అయితే గాలి మొత్తం తీసి కాలితో తొక్కితే అంచు రిమ్మును వదిలేస్తుంది. మొండికేస్తే చక్రాన్ని నేల మీద పడుకోబెట్టి ఇంకో బండి సైడు స్టాండును టైరు మీద, రిమ్ముకు తగలకుండా సరిగ్గా అంచు పక్కన దించి, ఆ బండిని స్టాండు వైపు వాల్చితే దాని బరువుకు దిగిపోతుంది. ఇద్దరు ఉండాలి, ఒకరు బండి పట్టుకోవాలి. అడవిలో ఆగినప్పుడు ఇదే మార్గం.

ట్యూబ్‌లెస్ టైరు అలా వదలదు, దాని అంచు రిమ్ములో బిగిసి కూర్చోవడం కోసమే తయారైంది. అందుకు ఇంట్లో ఒక కట్టె చేసి ఉంచుకుంటే ఊరంతా వచ్చి అడుగుతారు. మూడు అంగుళాలు బై రెండు అంగుళాల గట్టి కట్టె నాలుగు అడుగుల పొడవుది కావాలి, పాత దర్వాజా చెక్క అయితే మరీ మంచిది. దాని ఒక కొసను గోడ అడుగునో, బలమైన గుంజకో, అడుగు పైన, పాత తలుపు మడతబందుతో బిగించండి. ఆ బందు నుంచి ఒక అడుగు దూరంలో ఇంకో చిన్న కట్టెను, సుమారు అడుగు పొడవుది, బోల్టుతో కిందికి వేలాడేలా పెట్టండి. ఈ చిన్న కట్టె కింది కొస అరచేయంత వెడల్పు ఉండి, టైరు గుండ్రానికి తగ్గట్టు కొద్దిగా వంపు తిరిగి ఉండాలి.

చక్రాన్ని కింద పెట్టి, చిన్న కట్టె కొసను టైరు అంచు మీద నిలబెట్టి, పొడవు కట్టె చివర నొక్కండి. నాలుగు అడుగుల కొసలో 50 కిలోల బరువు పెడితే ఒక అడుగు దగ్గర 200 కిలోల ఒత్తిడి పడుతుంది. ఎంత మొండి టైరైనా రెండు మూడు చోట్ల ఇలా నొక్కి చక్రం తిప్పుతూ పోతే వదిలేస్తుంది. సబ్బు నీళ్లు పోస్తే ఇంకా త్వరగా. గ్రీజు, ఇంజన్ ఆయిలు పోయవద్దు, రబ్బరు ఉబ్బుతుంది, తర్వాత బ్రేకు వేసినప్పుడు టైరు రిమ్ము మీద జారి వాల్వును కోసేస్తుంది.

డిస్కు బ్రేకు ఉన్న చక్రాన్ని నేరుగా నేల మీద పడుకోబెట్టకండి, డిస్కు వంగితే పంచర్ ఖర్చుకు పదింతలు అవుతుంది. పాత కారు టైరు ఒకటి కింద వేసుకుంటే అదే వర్కు బెంచీ. ఇంకో విషయం, డిస్కు చక్రం విప్పి ఉన్నప్పుడు పిల్లలెవరూ ఆ బ్రేకు లివర్ నొక్కకుండా చూడండి. డిస్కు లేకుండా నొక్కితే క్యాలిపర్లో, అంటే డిస్కును పట్టే బ్రేకు భాగంలో, పిస్టను బయటికి వచ్చేస్తుంది, దాన్ని వెనక్కి పంపడం వేరే పెద్ద పని.

బొక్క వెతకడం, ప్యాచ్ వేయడం

ట్యూబులో బొక్క అందరూ నీళ్ల తొట్టిలో పెట్టి వెతుకుతారు, కానీ టైరులో ఇంకా దిగి ఉన్న ముల్లును వెతకడం చాలామంది వదిలేస్తారు. చేత్తో తడిమితే వేలికి గుచ్చుకుంటుంది. మన ఇళ్లలో పత్తికి కొదవ లేదు కదా, గుప్పెడు పత్తి తీసుకుని టైరు లోపల చుట్టూ తిప్పండి. సన్నని తీగ మొన అయినా సరే, పత్తి పోగు అక్కడ చిక్కుకుని ఆగిపోతుంది. లారీ టైరు తీగలు కంటికి కనపడవు, పత్తికి దొరుకుతాయి. దొరికినదాన్ని బయటి నుంచి పట్టకారుతో లాగాలి, రాకపోతే లోపలి నుంచి దబ్బనంతో పొడిచి బయటికి నెట్టాలి.

ట్యూబును గరుకు చేయడానికి పాత నెయ్యి డబ్బా మూతో, ఏదైనా రేకు ముక్కో తీసుకుని సన్న మేకుతో దగ్గర దగ్గరగా బొక్కలు కొట్టి, ఆ ముళ్లు పైకి వచ్చేలా చిన్న చెక్కకు కొట్టేయండి. ఎమరీ పేపరు తడిస్తే పోతుంది, ఇది ఏళ్లు వస్తుంది. ప్యాచ్ కంటే ఒక వేలు వెడల్పు ఎక్కువ మేర నల్లని మెరుపు మొత్తం పోయేదాకా రుద్దాలి. ట్యూబు మీద అచ్చు గీత ఉబ్బెత్తుగా ఉంటుంది చూడండి, బొక్క దాని దగ్గర పడితే ఆ గీతను పూర్తిగా చదును చేయాల్సిందే, లేకపోతే గాలి దాని పక్క నుంచే దారి చేసుకుంటుంది.

సొల్యూషన్ పలుచగా పూసి ఆగాలి. తడి మెరుపు పోయి, వేలి వెనక భాగం ఆనిస్తే అంటకుండా ఉండే వరకు, మామూలుగా ఐదు నిమిషాలు, వాన కాలంలో ఇంకా ఎక్కువ. నోటితో ఊదితే తేమ పడుతుంది. తడి మీదే ప్యాచ్ అంటించి గట్టిగా నొక్కితే పట్టుకున్నట్టే ఉంటుంది, టైరు వేడెక్కగానే జారుతుంది.

ఇక నొక్కడానికి రోలరు. మెకానిక్ షాపులో పారేసిన వీల్ బేరింగు అడిగితే ఊరికే ఇస్తారు. 6301 నంబరు బేరింగు అయితే లోపలి రంధ్రం 12 మిల్లీమీటర్లు, ఆ సైజు బోల్టు తెచ్చి, బేరింగును బోల్టు తల దగ్గర నట్టుతో బిగించి, మిగతా బోల్టును పాత ఆకురాయి పిడిలోకి దిగగొట్టండి. బేరింగు బయటి అంచులు కొంచెం ఎమరీతో రుద్దితే ట్యూబు కోయదు. ప్యాచ్ మధ్య నుంచి అంచుల వైపు దీనితో గట్టిగా రుద్దుతూ పోతే లోపల గాలి బుడగ మిగలదు. సుత్తెతో కొట్టడం కంటే ఇది నూరు రెట్లు నయం.

పాత ట్యూబు కోసి ప్యాచ్ చేసుకోవచ్చా అని అడుగుతారు. దారిలో వేరే గతి లేనప్పుడు చేయండి, మూలలు లేకుండా గుండ్రంగా కోసి, రెండు వైపులా గరుకు చేసి, రెండింటికీ సొల్యూషన్ పూసి. ఇప్పటి ట్యూబులు చాలావరకు బ్యూటైల్ రబ్బరు, అది గాలిని బాగా ఆపుతుంది గానీ అంటుకోవడంలో మొండిది. కొన్న ప్యాచ్‌కు కింద వేరే మెత్తని పొర ఉంటుంది, సొల్యూషన్‌తో కలిసి ట్యూబును పట్టుకునేది ఆ పొరే.

పాత పిస్టనుతో హాట్ ప్యాచ్ వేసే పద్ధతి కూడా ఉంది. స్ప్లెండర్ లాంటి బండి పిస్టను 50 మిల్లీమీటర్ల వ్యాసం, పైభాగం లేతులో చదును చేయిస్తే ఆ సైజు ప్యాచ్‌కు సరిగ్గా సరిపోతుంది. పచ్చి రబ్బరు ముక్క మీద దాన్ని బోర్లా కాకుండా నిలువుగా పెట్టి, క్లాంపుతో బిగించి, పైన గుల్లగా ఉన్న భాగంలో కొంచెం స్పిరిటో కిరోసినో పోసి అంటిస్తారు, మంట ఆరి చల్లారేసరికి రబ్బరు ట్యూబులో కలిసిపోతుంది. రబ్బరు ఉడకడానికి 140, 150 డిగ్రీలు చాలు, ఎక్కువైతే ట్యూబే కాలుతుంది. చేయి తిరిగినవాళ్లకు బాగానే వస్తుంది. ఇంట్లో మాత్రం వద్దంటాను, పెట్రోలు ట్యాంకు పక్కన మంట పెట్టుకునే పని మనకెందుకు, చల్లని ప్యాచ్ సరిగ్గా వేస్తే అదే ట్యూబు ఉన్నంత కాలం ఉంటుంది.

టైరే కోసుకుపోతే పాత టైరు ముక్కతో గేటర్, అంటే లోపలి నుంచి ఆనించే అతుకు, వేస్తారు. అంచులు కత్తితో పలుచగా చెక్కకపోతే ఆ గేటరే ట్యూబును రాపిడి చేసి చంపుతుంది. అది కూడా ఇంటికి చేరేవరకే.

ట్యూబ్‌లెస్‌కు ప్లగ్ సూది

ట్యూబ్‌లెస్ టైరుకు నేల తగిలే భాగంలో మేకు దిగితే టైరు విప్పకుండానే ప్లగ్ వేయవచ్చు. పక్క గోడలో పడిన బొక్కకు, 6 మిల్లీమీటర్లు దాటిన బొక్కకు ప్లగ్ వేయకూడదు. ట్యూబ్ ఉన్న టైరుకు ఇది పనికిరాదని వేరే చెప్పక్కర్లేదనుకుంటా, అయినా ప్రయత్నించేవాళ్లు ఉన్నారు.

బస్తాలు కుట్టే దబ్బనంతో పని అయిపోతుందని కొందరంటారు. ఎనుమాముల మార్కెట్లో మిర్చి బస్తా కుట్టడానికి అది బ్రహ్మాండం, కానీ టైరులోకి ప్లగ్ తాడుతో సహా దూర్చాలంటే వంగిపోతుంది. మందం చాలదు. దాని బదులు 5 మిల్లీమీటర్ల కాడ ఉన్న పాత స్క్రూడ్రైవరు తీసుకోండి, లివర్‌గా వద్దన్నది ఇక్కడ పనికొస్తుంది. చదును కొసను కోసేసి మొన గుండ్రంగా చేయండి. మొన నుంచి ఒక సెంటీమీటరు లోపలికి 3 మిల్లీమీటర్ల రంధ్రం వేయించాలి. కాడ గట్టి ఉక్కు కాబట్టి ఇంటి డ్రిల్లుతో పడదు, వెల్డింగ్ షాపులోనో లేతు దగ్గరో వేయించండి. తర్వాత మొన నుంచి ఆ రంధ్రం వరకు హాక్సా బ్లేడుతో, దానికి పడకపోతే గ్రైండరు సన్న డిస్కుతో, సన్నని చీలిక పెట్టాలి. కిటుకంతా ఈ చీలికలోనే ఉంది. తాడు రంధ్రంలో ఉండగా లోపలికి దూర్చి ఒక్కసారిగా బయటికి లాగితే తాడు చీలిక గుండా జారి టైరులోనే ఉండిపోతుంది. చీలిక అంచులు నున్నగా లేకపోతే తాడు తెగి వస్తుంది.

మామూలు పిడి మీద అరచేత్తో నొక్కితే చేయి బొబ్బలెక్కుతుంది. వెనక అడ్డంగా ఒక ఇనుప కడ్డీ ముక్క వెల్డింగ్ పెట్టించి దాని మీద పాత సైకిల్ గ్రిప్పు తొడగండి. బొక్క రాపడానికి 6 మిల్లీమీటర్ల గుండ్రని ఆకురాయికి ఇలాంటి పిడే పెట్టుకోవచ్చు, కానీ ఆకురాయి పెళుసు, అడ్డంగా వంచితే టపీమని విరుగుతుంది. నిటారుగా దూర్చి తిప్పుతూ మాత్రమే వాడాలి.

మేకు ఏ వాలులో దిగిందో చూసుకుని అదే వాలులో ఆకురాయి దూర్చి తిప్పండి. ప్లగ్ తాడును సగం దాకా లాగి రెండు కొసలు సమానంగా పెట్టి, సొల్యూషన్ పూసి, కొసలు ఒక సెంటీమీటరు పైన మిగిలేదాకా దూర్చి, తిప్పకుండా లాగేయాలి. మిగిలినదాన్ని టైరు మట్టానికి రెండు మూడు మిల్లీమీటర్లు వదిలి కోయాలి. తాడు మాత్రం కొన్నదే వాడండి. నూలు తాడుకు సొల్యూషన్ పూసి దూర్చడం వీడియోల్లో బాగానే కనిపిస్తుంది, తర్వాత ఏమైందో ఆ వీడియోలో ఉండదు.

పక్క బండి నుంచి గాలి

ప్యాచ్ వేశాం, పంపు లేదు. ఇలాంటప్పటికి ఒక పైపు చేసుకుంటే చాలు. మర బిగించే రకం పంపు నాజిళ్లు రెండు, వాల్వు పిన్నును లోపలికి నొక్కే పుల్ల ఉన్నవి చూసి కొనండి. మధ్యలో మందు కొట్టే తైవాన్ పంపు పైపు మీటరు ముక్క, అది ఎలాగూ ఎక్కువ ఒత్తిడికి తయారైనదే, లోపల మందు వాసన పోయేలా కడిగి ఆరబెట్టండి. రెండు వైపులా క్లిప్పులు బిగించి, ఒకసారి సబ్బు నీళ్లలో పెట్టి బుడగలు చూసుకోండి.

ముందు ఖాళీ టైరుకు బిగించి, తర్వాత గాలి ఉన్న టైరుకు. రెండు టైర్లు ఒకే సైజువైతే గాలి చెరి సగం అవుతుంది. పక్క బండిలో 28 పిఎస్ఐ ఉంటే రెండింటిలో 14, 14 వస్తాయి. దాంతో బండి నడపకూడదు, కానీ రెండో బండి, అందులో కూడా 28 ఉంటే, దాని నుంచి మళ్లీ తీసుకుంటే 21 అవుతుంది. ఒక్కరే కూర్చుని మెల్లగా పక్క ఊరి పంపు దాకా పోవచ్చు. గాలి ఇచ్చిన మొదటి బండిలో 14 మాత్రమే మిగులుతుంది, మళ్లీ గాలి పట్టేదాకా దాన్నీ నడపకూడదు, రెండో బండి కూడా మెల్లగానే రావాలి, వాళ్లకు ముందే చెప్పండి, లేకపోతే మీరు బాగుపడి వాళ్లు పంచర్ అవుతారు.

లారీ డ్రైవర్ ఎవరైనా ఆపి గాలి ఇస్తానంటే సంతోషమే, కానీ లారీ టైరులో వంద పిఎస్ఐ చుట్టుపక్కల ఉంటుంది. పైపు బిగించి వదిలేస్తే మీ టైరు పేలుతుంది. క్షణం బిగించడం, తీయడం, మీటరు చూడటం. మీటరు లేకపోతే లారీ గాలి జోలికి పోవద్దు.

తిరిగి ఎక్కించేటప్పుడు

మొదట టైరును తీసేటప్పుడు వాల్వు దగ్గర లివర్ మొదలుపెట్టి, దానికి సరిగ్గా ఎదురు వైపు అంచును రిమ్ము మధ్య లోతులోకి కాలితో తొక్కి ఉంచాలి. ఎక్కించేటప్పుడు వాల్వుకు ఎదురు నుంచి మొదలుపెట్టి వాల్వు దగ్గర ముగించాలి. ఇది ఒక్కటి తెలిస్తే సగం బలంతో పని అవుతుంది. చివరి జానెడు చాలా గట్టిగా ఉందంటే లివర్‌తో బలవంతం చేయకండి, ఎదురు వైపు అంచు లోతులోంచి పైకి లేచిందని అర్థం, అక్కడ మళ్లీ తొక్కండి.

ట్యూబుకు ముందు కొంచెం గాలి కొట్టి గుండ్రంగా నిలబడేలా చేసి, పౌడరు రాసి పెడితే మడత పడదు. పూర్తిగా కొట్టే ముందు కొంచెం కొట్టి, మళ్లీ తీసి, మళ్లీ కొట్టండి, ఎక్కడైనా నలిగి ఉంటే సర్దుకుంటుంది. టైరు పక్క గోడ మీద రిమ్ముకు దగ్గరగా సన్నని గీత ఉంటుంది, అది చుట్టూ రిమ్ముకు ఒకే దూరంలో కనపడాలి. ఎంత గాలి పెట్టాలన్నది బండి మీద అంటించిన స్టిక్కరులోనో మాన్యువల్లోనో చూసుకోండి, బండి మీద ఇద్దరు కూర్చుంటే వెనక టైరుకు ఒక్కరికి పెట్టేదానికంటే బాగా ఎక్కువ కావాలి.

వెనక చక్రం బిగించాక బ్రేకు ప్లేటును పట్టి ఉంచే రాడ్డు నట్టు, దాని పిన్ను తిరిగి వేశారా చూడండి. అది మరిచిపోతే మొదటి గట్టి బ్రేకుకే ప్లేటు తిరిగి చక్రం పట్టేస్తుంది. మరుసటి రోజు పొద్దున గాలి మళ్లీ చూడండి. కొంచెం తగ్గి ఉంటే వెంటనే ప్యాచ్‌ను తిట్టుకోకుండా ముందు వాల్వు నోటి మీద ఉమ్మి తడి పెట్టండి. బుడగ లేస్తే పిన్ను వదులైనట్టు, చీలిక ఉన్న ఇనుప క్యాపుతో కొద్దిగా బిగిస్తే సరిపోతుంది. అప్పటికీ ఆగకపోతే పిన్ను మార్చండి, పంచర్ షాపులో దొరుకుతుంది.